స్టెప్ 1 ఫెయిలయ్యాక అమెరికా రెసిడెన్సీకి ఎలా అప్లై చేయాలి

అమెరికాలో రెసిడెన్సీ (డాక్టర్లకు స్పెషాలిటీ ట్రైనింగ్) కావాలంటే యూఎస్ఎంఎల్ఈ అనే మెడికల్ లైసెన్సు పరీక్షలు రాయాలి, వాటిలో మొదటిది స్టెప్ 1. దాని రిపోర్టులో ఫెయిల్ అని చూసిన రోజు ఎవరేం చెప్పినా బుర్రకెక్కదు, నాకూ ఎక్కలేదు. ముందు ఇంట్లోవాళ్లకు చెప్పేయండి, దాచిపెడితే ఆ టెన్షన్‌తోనే మళ్లీ చదవాల్సి వస్తుంది. ఆ వారంలో మాత్రం మళ్లీ డేట్ బుక్ చేయొద్దు.

యూఎస్ఎంఎల్ఈలో ఒక్కో స్టెప్‌కు ఇప్పుడు మొత్తం 4 అటెంప్టులే. 12 నెలల్లో 3 సార్లకు మించి రాయనివ్వరు. అసలు దెబ్బ రెండో ఫెయిల్. ఒకటి ఉంటే వివరించుకోవచ్చు, రెండుంటే చాలా ప్రోగ్రాములు (రెసిడెన్సీ ఇచ్చే ఆసుపత్రులు) మన ఫైలు తెరవను కూడా తెరవవు. నేను మొదటిసారి చేసిన తప్పేంటంటే, ఎన్‌బీఎంఈ (ఈ పరీక్షలు తయారుచేసే సంస్థ) ప్రాక్టీస్ టెస్టుల్లో తక్కువ వస్తున్నా, పరీక్ష రాయడానికిచ్చే 3 నెలల గడువు (ఎలిజిబిలిటీ పీరియడ్) అయిపోతోందని వెళ్లి రాసేశాను. ఫీజు కట్టి ఆ గడువు ఒకసారి పొడిగించుకోవచ్చు, ఆ పని చేసుంటే సరిపోయేది. మీరు మాత్రం వరసగా రెండు మూడు ఎన్‌బీఎంఈల్లో పాస్ గీత కంటే బాగా పైన వచ్చాకే వెళ్లండి.

తర్వాత మీ బలమంతా రెండో పరీక్ష స్టెప్ 2 సీకే (క్లినికల్ నాలెడ్జ్) మీద పెట్టండి. 2022 జనవరి 26 నుంచి స్టెప్ 1కి స్కోరు లేదు, పాసా ఫెయిలా అంతే, కాబట్టి ప్రోగ్రాములవాళ్లు చూసే పెద్ద నంబరు స్టెప్ 2 స్కోరే. 2025 జులై నుంచి దీని పాస్ మార్కు 218, కానీ అటెంప్ట్ (ఫెయిలైన రికార్డు) ఉన్నవాళ్లకు అంచుమీద పాసవడం పెద్దగా పనికిరాదు, పైగా ఒకసారి పాసైతే స్కోరు పెంచుకుందామని మళ్లీ రాయడానికి వీల్లేదు. సిద్ధంగా లేకపోతే ఒక సీజన్ వదిలేయండి. సంవత్సరం పోతుందని బాధే, కానీ తక్కువ స్కోరు ఎప్పటికీ పోదు.

వీలైతే ఆఖరి పరీక్ష స్టెప్ 3 కూడా ముందే పాసవ్వండి. హెచ్-1బీ వీసా కావాలంటే అదెలాగూ తప్పదు, పైగా పరీక్షల విషయంలో వాళ్లకున్న అనుమానం తగ్గుతుంది.

ప్రోగ్రాముల ఎంపిక దగ్గరే మనవాళ్లు డబ్బు తగలేస్తారు. 2025 సీజన్‌లో ఒక స్పెషాలిటీలో మొదటి 30 ప్రోగ్రాములకు తలా 11 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 30 డాలర్లు, అంటే 150కి అప్లై చేస్తే 3,930 డాలర్లు. ఈరాస్‌లో (మనం అప్లై చేసే ఆన్‌లైన్ సిస్టమ్) ప్రోగ్రాములు ఫెయిలైనవాళ్లను ఫిల్టర్ పెట్టి పక్కన పెట్టేయగలవు. అందుకే ఫ్రీడాలోనూ (ప్రోగ్రాముల వివరాలుండే వెబ్‌సైట్), ప్రోగ్రామ్ సొంత వెబ్‌సైట్‌లోనూ అటెంప్టుల గురించి ఏం రాశారో చూడండి, స్పష్టంగా లేకపోతే కోఆర్డినేటర్‌కు రెండు లైన్ల మెయిల్ పెట్టి అడగండి. మీలాగే అటెంప్ట్ ఉండి మ్యాచ్ అయిన (సీటు వచ్చిన) సీనియర్లు ఎక్కడెక్కడున్నారో కనుక్కోండి, ఆ లిస్టు ఏ కన్సల్టెన్సీ ఇచ్చేదానికన్నా విలువైనది.

ట్రాన్‌స్క్రిప్టులో ప్రతి అటెంప్టూ కనబడుతుంది, దాచడం కుదరదు. పర్సనల్ స్టేట్‌మెంట్‌లో రెండు మూడు వాక్యాలు చాలు: “స్టెప్ 1 మొదటిసారి పాసవ్వలేదు. సిద్ధం కాకుండానే రాశాను. ఆ తర్వాత చదివే పద్ధతి మార్చుకున్నాను, స్టెప్ 2 మొదటిసారే పాసయ్యాను.” మార్చుకున్నదేంటో ఒక్క ముక్కలో చెప్పండి. లేని అనారోగ్యాలు కల్పించొద్దు, ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు. ఇదే జవాబును ఇంగ్లీషులో, గొంతు వణక్కుండా వచ్చేదాకా, స్నేహితుల ముందు పైకి చెప్పి ప్రాక్టీస్ చేయండి. మీకు సిఫార్సు లెటర్ రాసే అటెండింగ్‌కూ (సీనియర్ డాక్టర్) ఫెయిల్ సంగతి ముందే చెప్పండి. నేను చెప్తే ఆవిడ నా పని గురించి ఇంకా వివరంగా రాశారు.

సెప్టెంబర్‌లో ప్రోగ్రాములు అప్లికేషన్లు చూడడం మొదలుపెట్టే తేదీకల్లా మీది పూర్తిగా అందాలి. మార్చిలో మ్యాచ్ వారం (సీట్ల ఫలితాలొచ్చే వారం) సోమవారం సీటు రాలేదని తెలిస్తే సోప్ (మిగిలిన సీట్లకు జరిగే ఎంపిక) ఉంటుంది. అందులో 45 ప్రోగ్రాములకు అప్లై చేయొచ్చు, వాళ్లు పిలిచేదాకా మనం ఫోన్ గానీ మెయిల్ గానీ చేయకూడదు. ఖాళీగా మిగిలే అవకాశమున్న స్పెషాలిటీకి తగ్గ ఇంకో స్టేట్‌మెంట్ ఫిబ్రవరిలోనే రాసి పెట్టుకోండి, ఆ వారం ప్రయాణాలేవీ పెట్టుకోకండి, ఇండియాలో ఉంటే రాత్రంతా ఫోన్ మోగేలా చూసుకోండి.