గ్రాంట్లు, ఫెలోషిప్పులు, రెసిడెన్సీలు వెతుక్కోవడం: మూడో పాఠం

పోయిన పాఠంలో మీ పని గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. వాటిని ఎదురుగా పెట్టుకోండి. ఇవాళ వాటికి సరిపోయే చోటు వెతుకుదాం.

ముందు తేల్చుకోవాల్సింది: మీకు కావలసింది డబ్బా, తీరికా? శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే కుర్రాడికి బట్ట, కరక్కాయ కొనాలి, పని సాగినన్నాళ్ళూ ఇల్లు గడవాలి. అతను చూడాల్సింది గ్రాంటు, ఫెలోషిప్పు. చిత్తూరులో ఓ టీచరమ్మ నవల సగంలో ఆగిందనుకోండి, ఆమెకు వంట పని, బడి గంట లేని కొన్ని వారాలు చాలు. అలా కొన్నాళ్ళు ఉండి పని చేసుకోవడానికి చోటిచ్చేదే రెసిడెన్సీ. బెంగళూరు పక్కనే ఉంది కాబట్టి 2008లో మొదలైన సంగం హౌస్ అనే రచయితల రెసిడెన్సీ గురించి ముందు చూడమంటాను. భారతీయ భాషల్లో రాసేవాళ్ళను వాళ్ళు పట్టించుకుంటారు. ఎక్కడైనా సరే, ఎంపికయ్యాక గది అద్దె కట్టమంటే ఆలోచించండి. అద్దె గదులకైతే తిరుపతి బస్టాండు ఎదుటే బోలెడన్ని లాడ్జీలున్నాయి!

ఇక డబ్బు సంగతి. కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్పుల పని సీసీఆర్‌టీ (సెంటర్ ఫర్ కల్చరల్ రిసోర్సెస్ అండ్ ట్రైనింగ్) చూస్తుంది. 25 నుంచి 40 ఏళ్ళవాళ్ళకు జూనియర్, నెలకు 10,000 రూపాయలు. 40 దాటితే సీనియర్, 20,000. రెండూ రెండేళ్ళపాటు. లెక్క నెలకే చెప్పినా ఇచ్చేది ఆరు నెలలకోసారి, కాబట్టి దీన్ని నమ్ముకుని ఇంటి అద్దె ఒప్పుకోవద్దు.

చాలామంది ఇంతవరకే చదివి అప్లికేషన్ పెట్టేస్తారు. అసలు మాట నిబంధనల్లో ఉంటుంది: ఇది పరిశోధనకు. కథలు, నవలలు, ఆత్మకథలు రాయడానికి కాదు, శిక్షణ తరగతులకూ కాదు. మన టీచరమ్మ నవల ఎంత బాగున్నా ఇక్కడ పనికిరాదు. అదే ఆవిడ తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టేవాళ్ళ గురించి పరిశోధన చేస్తానంటే అడగడానికి దారి ఉంది. అయితే ఫెలోషిప్పు కోసం లేని ఆసక్తి తెచ్చిపెట్టుకోవద్దు. రెండేళ్ళు దానితోనే బతకాలి.

30 ఏళ్ళలోపు రచయితలకు నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పీఎం యువ పథకం ఉంది. ఆరు నెలలు, నెలకు 50,000. తెలుగులో రాయొచ్చు, కానీ అంశం వాళ్ళే ఇస్తారు.

ఇంగ్లీషు రాయాలంటే టెన్షన్ పడేవాళ్ళు కళల పనులకు గ్రాంట్లిచ్చే బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ చూడండి. ప్రతిపాదన భారతీయ భాషల్లోనూ పంపొచ్చు. ప్రభుత్వ సంస్థ కాదు, కాబట్టి ఫారం భాష వదిలేసి మీ మాటల్లో రాయండి.

ఈ వారం పని: ఏదో ఒక ప్రకటన తీసుకుని, ఎంత ఇస్తారన్నది చూడకుండా, దేనికి ఇవ్వరో మాత్రం రాసుకోండి. పక్కన మీ ఐదు వాక్యాలు పెట్టి చూడండి. ఒక్కటి అడ్డం తగిలినా ఆ ప్రకటన వదిలేయండి.

వచ్చే పాఠం బడ్జెట్. బట్ట, రంగులు, బస్సు టికెట్లు, జిరాక్సుల బిల్లులు అప్పటిదాకా పారేయకండి.