వెండి మట్టి డాలరులో మీనా రంగులు నింపడం

రంగు గాజు పొడిని కరిగించి నింపే మీనా కోసం వెండిని చెక్కి గుంటలు తీయడం చేయి తిరిగిన కంసాలి మాత్రమే చేయగల పని. వెండి మట్టితో అయితే ఆ గుంటలను పచ్చి ముద్దలోనే ఒత్తుకోవచ్చు. జపానులో 1990ల ఆరంభంలో మిత్సుబిషి మెటీరియల్స్ సంస్థ రూపొందించిన ఈ ముద్దలో సన్నని వెండి పొడి, జిగురు, నీరు ఉంటాయి. కాల్చితే జిగురు కాలిపోయి 99.9 శాతం వెండి మిగులుతుంది. అందులో రాగి ఉండదు కనుక కాల్చినప్పుడల్లా నల్లని మసక తేలి రంగును చెడగొట్టే బెడద లేదు. రాగి కలిసిన స్టెర్లింగ్ రకం మట్టిని మాత్రం ఈ పనికి కొనవద్దు.

మన తిరుపతిలో ప్రతి ఇంటికీ తెలిసిన తిరునామాన్నే నమూనాగా తీసుకుందాం. పది శాతం కుదించుకుపోయే రకం మట్టితో 18 మిల్లీమీటర్ల డాలరు కావాలంటే 20 మిల్లీమీటర్ల బిళ్ళ చేయాలి. మందం ఒకటిన్నర మిల్లీమీటరుకు తగ్గకూడదు. గుంటల లోతు అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ ఉంటే చాలు. గొలుసు దూర్చే రింగును మట్టితోనే అతికించాలి, ఎందుకంటే టంకం పెట్టిన అతుకు మీనా కాల్పులో కరిగిపోవచ్చు.

ప్యాకెట్టు మీద 650 డిగ్రీల వద్ద అరగంట చాలని రాసి ఉన్నా, మీనా వేయదలిస్తే 900 డిగ్రీల వద్ద రెండు గంటలు కాల్చండి. తక్కువ కాల్చిన వెండిలో కంటికి కనిపించని సందులు మిగిలి, వాటిలోని గాలి కరిగిన గాజులోకి బుడగలై పొంగుతుంది. నా మొదటి డాలరు తెల్ల నామం నిండా సూదిమొనలంత గుంతలు పడింది ఇందువల్లనే. వెండి 961 డిగ్రీలకు కరుగుతుంది కనుక 900 దాటనివ్వకూడదు. చల్లారాక గుంటల అడుగును నున్నని ఉక్కు కడ్డీతో గట్టిగా రుద్ది, శుభ్రంగా కడిగి, ఆపైన వేలు తగలకుండా చూసుకోవాలి.

మీనా అంటే రంగు గాజు పొడి. దానిని గిన్నెలో నీళ్ళు పోసి కలిపి, బరువైన రేణువులు అడుగుకు దిగాక పైన తేలిన పాలలాంటి నీటిని వంచేయాలి; నీరు తేటగా నిలిచేదాకా ఇలా కడగాలి. బోరు నీటిలోని లవణాలు రంగును మసకబరుస్తాయి కనుక చివరి రెండు కడుగులకు డిస్టిల్డ్ వాటరే వాడండి. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది, పొడి పొడిగా ఉన్నప్పుడు మాస్కు తీయవద్దు.

తడి పొడిని సన్నని కుంచెతో పలుచగా పరచి, టిష్యూ అంచుతో తడిని పీల్చి, పూర్తిగా ఆరాకనే సుమారు 780 డిగ్రీల కొలిమిలో ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి. పొడి మొదట పంచదారలా గరుకుగా, తరువాత కమలాపండు తొక్కలా కనిపిస్తుంది. అది నున్నబడి మెరిసిన క్షణంలో బయటికి తీయాలి. ఒకేసారి మందంగా నింపవద్దు, రెండు మూడు పూతలు వేయండి.

నామం నడుమ ఎర్ర గీతే అసలు కష్టం. ఎరుపు నేరుగా వెండికి తగిలితే పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది కనుక, ముందు ఫ్లక్స్ అనే రంగులేని మీనా పూత వేసి కాల్చి, దానిపైన కాంతి చొరని ఎరుపు వేయాలి. ఎక్కువ కాలితే నల్లబడుతుంది కనుక తెలుపు పూతలన్నీ ముగిశాక, చిట్టచివరి కాల్పుకే ఎరుపును నింపండి. వేడి డాలరును నీటిలో ముంచితే గాజు పగులుతుంది. కొలిమి పక్కనే దానంతట అది చల్లారాలి.