ముంపు యాదీలో (బాధితుల జాబితాలో) పేరు ఎక్కించడం: మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో బాధితుల పక్షాన పనిచేసేవారికి

మేడిగడ్డ బ్యారేజీ ముంపు కేసులు చాలావరకు సర్వే నాడే ఓడిపోతాయి. ఆ తర్వాత గడ్చిరోలిలో ధర్నా చేసినా, హైకోర్టు నాగపూర్ బెంచికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "యాదీలో పేరుందా?" అందుకే సర్వేయర్ రాకముందే ఊరి రిజిస్టరు మీ చేతిలో ఉండాలి.

2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టం పట్టాదారు దగ్గరే ఆగదు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే పనిచేస్తూ, ఇప్పుడు ప్రధాన బతుకుతెరువు పోతున్న కౌలుదారు, పాలుకు చేసే రైతు, కూలీ, చేతివృత్తి మనిషి కూడా సెక్షన్ 3 ప్రకారం బాధిత కుటుంబమే. ప్రాణహితలో చేపలు పట్టేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, అడవి మీద బతికేవాళ్లు కూడా అంతే. వితంతువు, విడాకులైన స్త్రీ, ఇంటివాళ్లు వదిలేసిన స్త్రీ విడి కుటుంబాలు. పెళ్లితో పని లేకుండా, మేజరైన కొడుకూ కూతురూ ఒక్కొక్కరూ ఒక్కో కుటుంబం. సర్వేయర్ మాత్రం ఇంటికొక వరుస రాసుకుపోతాడు. నాలుగు కుటుంబాలు ఒకటయ్యేది అక్కడే.

రిజిస్టరులో ప్రతి మనిషికీ పేరు, వయసు, గట్ నంబరు (భూమి సర్వే నంబరు), భూమి ఎవరి పేరున ఉంది, దున్నేది ఎవరు, దేని మీద బతుకుతున్నారు అన్నవి రాయండి. సాత్‌బారా (7/12 భూమి హక్కు, పంట పత్రం), 8-అ (ఖాతాదారు మొత్తం భూముల పత్రం), రేషన్ కార్డు, జాబ్ కార్డు, మత్స్య సొసైటీ సభ్యత్వం నకళ్లు జతచేయండి. మూడేళ్ల నివాసానికి పాత ఓటరు జాబితా పేజీలు బాగా పనికొస్తాయి. కౌలుకు కాగితం ఉండదు కాబట్టి భూమి యజమాని సంతకంతో ఒక ప్రకటన రాయించుకోండి. పరిహారం మాట ఊళ్లోకి వచ్చాక ఆ సంతకం దొరకడం కష్టం. సాత్‌బారా ఇంకా చనిపోయిన తాత పేరునే ఉంటే తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గర వారసుల ఫేర్‌ఫార్ (పేరు మార్పిడి) ముందే చేయించాలి. లేదంటే వాటాల తగాదా ఉందని డబ్బు అథారిటీలో (భూసేకరణ తగాదాలు తేల్చే సంస్థలో) జమ చేస్తారు, అది బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది.

రిజిస్టరును గ్రామసభలో పైకి చదివి, తీర్మానం చేయించి, ముద్ర వేయించండి. సిరోంచ లాంటి ఐదో షెడ్యూలు (ఆదివాసీ) ప్రాంతంలో సేకరణకు గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని సెక్షన్ 41 చెబుతోంది. కాబట్టి హాజరు పుస్తకంలో ఎవరు సంతకం పెడుతున్నారో, పైన ఏం రాసి ఉందో చూడండి. ఖాళీ కాగితం మీద పెట్టిన సంతకం తర్వాత సమ్మతిగా మారిన ఊళ్లున్నాయి.

నోటీసులు మరాఠీలో వస్తాయి, మన ఊళ్లలో ఇంట్లో మాట తెలుగు. ఒకరు చదివి తెలుగులో చెప్పేదాకా వేలిముద్ర వేయించొద్దు. అర్జీ మరాఠీలో రాయించి, తెలుగు ప్రతి జతచేయడం మేలు. సమాచార హక్కు దరఖాస్తును మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఒకదానిలోనే ఇవ్వాలి. మహారాష్ట్రలో దానికి 150 పదాలు, ఒకే విషయం అనే హద్దు ఉంది. సర్వే యాదీ ఒక దరఖాస్తులో, ముంపు గీత నకాశా (పటం) మరో దరఖాస్తులో అడగండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

అర్జీ ఎవరికి? మేడిగడ్డ బ్యారేజీ కట్టింది తెలంగాణ అయినా, భూమి మహారాష్ట్రలో ఉంటే సేకరించే అధికారి గడ్చిరోలి కలెక్టరే. హైదరాబాదుకు నకలు పంపొచ్చు, అసలు మాత్రం ఇక్కడ ఇచ్చి ఆవక్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు) తీసుకోవాలి.

గడువుల్లో పొరపాటు పడొద్దు. ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 60 రోజుల్లో లిఖితపూర్వక అభ్యంతరం ఇవ్వాలి. అవార్డు (పరిహారం తేల్చే కలెక్టరు ఉత్తర్వు) ప్రకటించేటప్పుడు మీరు అక్కడే ఉంటే, సెక్షన్ 64 కింద రిఫరెన్సు (కేసును అథారిటీకి పంపమని) అడగడానికి ఆరు వారాలే. డబ్బు తీసుకునేటప్పుడు "చాలదన్న అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రసీదు మీదే రాయాలి. ఆ మాట రాయకుండా తీసుకుంటే, సెక్షన్ 77 ప్రకారం ఎక్కువ అడిగే దారి మూసుకుపోతుంది. నేరుగా కొనుగోలు పేరుతో రిజిస్ట్రీ చేయించుకుంటే అది అవార్డే కాదు, సెక్షన్ 64 దానికి అక్కరకు రాదు. ఎకరా రేటు చూసి మురిసిపోకముందే ఈ తేడా ఇంటింటికీ చెప్పండి.

భూమి ధర వేరు, పునరావాసం వేరు. అదే చట్టం రెండో షెడ్యూలు ప్రకారం ఊరు వదిలే కుటుంబానికి ఏడాది పాటు నెలకు 3,000 రూపాయలు, రవాణాకు 50,000, స్థిరపడడానికి మరో 50,000 రావాలి. షెడ్యూల్డు ప్రాంతం నుంచి కదిలే ఎస్సీ, ఎస్టీ కుటుంబానికి అదనంగా 50,000.

ఇక అసలు చిక్కు, యాదీ బయట మునిగే పొలం. తెలంగాణ, మహారాష్ట్రల 2016 ఆగస్టు 23 ఒప్పందంలో మేడిగడ్డ నీటిమట్టం 100 మీటర్లు. వరద రోజున వెనక్కి తన్నే నీరు ఆ గీత దగ్గర ఆగదు. నీళ్లొచ్చిన వారంలోనే తహసీల్దారుకు పంచనామా అర్జీ ఇవ్వండి. తేదీ, లొకేషన్ పడే ఫోటోలు తీయండి, మునిగిన ప్రతిసారీ విడిగా రాయండి. ఈ-పీక్ పాహణీలో (మహారాష్ట్ర మొబైల్ పంట నమోదులో) పంట నమోదు కాకపోతే కాగితం మీద పొలం పడావుగా కనిపిస్తుంది. పంచనామాలో కారణం దగ్గర ఒట్టి "అతివృష్టి" అని రాస్తే సంతకం ఆపి, "బ్యారేజీ వెనక నీరు" అని చేర్చమనండి. చేర్చకపోతే మీ అభ్యంతరం కిందే రాసి సంతకం పెట్టండి. వరద సాయం తీసుకోవచ్చు, అది సేకరణ పరిహారం కాదని అర్జీలో ఒక వాక్యం ఉండాలి.

సొంత దేశంలోనే నిర్వాసితులైనవారి గురించిన ఐక్యరాజ్యసమితి 1998 మార్గదర్శక సూత్రాలు తహసీల్దారు బల్ల మీద చెల్లే చట్టం కావు. మానవ హక్కుల కమిషన్‌కు రాసేటప్పుడు మాత్రం 6వ సూత్రం ఉటంకించండి. తప్పనిసరి ప్రజాప్రయోజనం లేని భారీ ప్రాజెక్టుల కోసం జనాన్ని కదిలించడాన్ని అది నిషేధిస్తుంది. ఘటన జరిగిన ఏడాదిలోపే ఆ ఫిర్యాదు చేరాలి.

వకీలు ఖర్చుకు భయపడి ఆగొద్దు. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసహాయం ఉచితం, ఫోను 15100. రిజిస్టరు నకలు, అవార్డు తేదీ, ఆవక్ నంబరు దగ్గర పెట్టుకుని ఫోను చేయండి.