చెవి మిషన్‌లో ‘టి’ నొక్కితే ఏమీ వినపడట్లేదా?

బెజవాడ బస్టాండులో హారన్లు, "గుంటూరు, గుంటూరు" కేకల మధ్య మైకులో చెప్పేది ఒక్క ముక్క అర్థం కాలేదు. కొత్త మిషన్‌లో ‘టి’ ఉందిగా అని నొక్కాను. ఉన్న గోల కూడా పోయింది! బ్యాటరీ అయిపోయిందేమోనని నారింజ రంగు స్టిక్కర్ పీకి కొత్తది వేశాను. అయినా అంతే.

తప్పు మిషన్‌ది కాదు. టిలో పెడితే మిషన్ మైకు ఆగిపోతుంది. లోపలున్న చిన్న రాగి తీగచుట్ట, అదే టెలీకాయిల్, గాలిలో వచ్చే శబ్దాన్ని పట్టించుకోదు. హాలు చుట్టూ వేసిన, మైకు మాటను మోసే లూప్ వైరు నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్నే పట్టుకుంటుంది. చెవి బొమ్మ, పక్కన టి అక్షరం ఉన్న బోర్డు కనపడితేనే అక్కడ టి నొక్కండి. లేకపోతే ‘ఎం’కి, అంటే మామూలు మైకు ప్రోగ్రాంకి, వచ్చేయండి.

సమస్య: టి ప్రోగ్రామే రావట్లేదు.
చెవి లోపల దాక్కునే బుల్లి మిషన్లలో చాలావాటికి కాయిల్ ఉండదు. ఉన్నా కొన్నిసార్లు ఆన్ చేయకుండానే ఇస్తారు. ఆడియాలజిస్టును అడిగి పెట్టించుకోండి. పనిలో పనిగా ‘ఎం-టి’ (రెండూ కలిసిన ప్రోగ్రాం) కూడా. అందులో లూప్‌తో పాటు పక్కవాళ్ల మాటా వినపడుతుంది.

సమస్య: జుమ్మని రొద.
రైల్వే స్టేషన్లో నెత్తిమీద 25,000 వోల్టుల తీగ, ఇంట్లో ట్యూబ్‌లైటు చోక్, ఇన్వర్టర్. దేని కరెంటు రొదైనా కాయిల్‌కి దొరుకుతుంది. తల అటూ ఇటూ తిప్పి చూడండి. రొద పెరిగి తగ్గుతుంటే అది బయటిదే; దానికి కాస్త దూరం జరిగి చూడండి.

లూప్ ఉన్నా సన్నగా వినపడితే తల నిటారుగా పెట్టండి. కునికిపాట్లు పడితే కాయిల్ కూడా వాలిపోతుంది మరి. వైరు గీసిన హద్దుకు బయట కూర్చున్నా అంతే.

లూప్ లేనిచోట నేను నమ్ముకున్నది నెక్‌లూప్, అంటే సొంత బుల్లి లూప్. మెడలో దండలా వేసుకుని ఫోన్‌కి తగిలించి టి నొక్కితే, బీసెంట్ రోడ్డు సందడిలోనూ అమ్మాయి ఫోన్లో చెప్పేది నేరుగా చెవిలో పడుతుంది. కల్యాణమండపంలో అయితే ఎదుటివాళ్లకి కాలర్ మైకు పెట్టి, దాని రిసీవర్‌ని నెక్‌లూప్‌కి కలుపుతాను. వియ్యంకుడు మొదట నవ్వాడు గానీ, తర్వాత ఆయనే మైకు వదల్లేదు.

బందరు రోడ్డు దాటేముందు మాత్రం ‘ఎం’కి మార్చుకోండి. టిలో ఉంటే వెనక ఆటోవాడు ఎంత హారన్ కొట్టినా మీకు తెలీదు.