కొత్తిమీరలో ఈఎంఎస్ ప్రయోగం: మొలక రాకపోతే, ఆకు పసుపెక్కితే

నెల్లూరు, ఒంగోలు వైపు పీజీ ప్రాజెక్టుకి కొత్తిమీర మీద ఈఎంఎస్ (ఇథైల్ మీథేన్ సల్ఫోనేట్, జన్యువుల్లో మార్పులు తెచ్చే రసాయన మందు) పెడుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

సమస్య: మందులో నానబెట్టిన ధనియాలు మొలవలేదు.

ముందు ఉత్త నీళ్లలో నానబెట్టిన కంట్రోల్ చూడండి. అవీ మొలవకపోతే తప్పు మందుది కాదు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. నలిపి బద్దలు చేయకపోతే నీరు సమంగా పట్టదు.

కంట్రోల్ బాగుండి, మందు పెట్టినవే చస్తే గది వేడిని అనుమానించండి. ఈఎంఎస్ నీళ్లలో విడిపోతూ ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర సగం విడిపోవడానికి దాదాపు 4 రోజులు పడితే, 30 దగ్గర ఒక్కరోజు చాలు. అప్పుడు పుట్టే ఆమ్లం మొలకను దెబ్బతీస్తుంది. మే నెలలో ఏసీ లేని మన ల్యాబుల్లో ఈ పని పెట్టుకోవద్దు. ద్రావణం అప్పటికప్పుడు పీహెచ్ 7 బఫర్‌లో (ఆమ్లగుణం మారకుండా ఆపే ద్రావణం) కలపండి. 0.1 నుంచి 0.4 శాతం దాకా కొద్ది గింజలతో చూసి, సగం మొక్కలు బతికే మోతాదు ఎంచుకోండి. తర్వాత పారే నీళ్లలో బాగా కడగండి.

ఈఎంఎస్ క్యాన్సర్ కారకం కావచ్చు. గ్లౌజులు, ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగే పెట్టె) లేకుండా సీసా మూత తీయొద్దు. మిగిలిన ద్రావణాన్ని 10 శాతం సోడియం థయోసల్ఫేట్‌లో ఒకరోజు ఉంచాకే పారబోయండి.

సమస్య: ఆకు పసుపెక్కింది, మ్యూటెంట్ (జన్యువు మారిన మొక్క) అనుకుంటున్నారు.

నేనూ ఒకసారి అలాంటి మొక్కలకు ట్యాగులు కట్టాను. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే లేత ఆకుల ఈనెలు పచ్చగానే ఉన్నాయి, మధ్యభాగమే పాలిపోయింది. పక్కనే కంట్రోల్ వరసలోనూ అంతే. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము అందకపోతే ఇలాగే ఉంటుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లండి. ఆకు పచ్చబడితే అది జన్యు మార్పు కాదు.

అసలు ఎం1లో, అంటే మందు పెట్టిన గింజల నుంచి వచ్చిన మొక్కల్లో, కనిపించేది ఎక్కువగా మందు చేసిన గాయమే. ఈఎంఎస్ మార్చేది సాధారణంగా జన్యువు రెండు ప్రతుల్లో ఒకదాన్నే, రెండోది లోపాన్ని కప్పేస్తుంది. ఒక్కో మొక్క గింజ విడిగా దాచి, ఎం2లో, అంటే ఆ గింజల నుంచి వచ్చే తర్వాతి తరంలో, తెల్ల, పసుపు మొలకలు లెక్కపెట్టండి.

సమస్య: తొందరగా పూసింది, అదీ మ్యూటెంటే అనుకుంటున్నారు.

ఎండ ముదిరాక వేస్తే ఏ కొత్తిమీరైనా పూసేస్తుంది. అక్టోబరు, నవంబరులో విత్తి, కంట్రోల్‌తో పోల్చండి.

సమస్య: ఎం2లో మార్పులు బాగా తక్కువ.

తేనెటీగలు పక్క మొక్కల పుప్పొడి తెచ్చి ఉంటాయి, దాంతో వచ్చిన మంచి ప్రతి లోపాన్ని మళ్లీ కప్పేస్తుంది. ఎం1లో పూత విచ్చకముందే ఒకే మొక్క గుత్తులను పలుచని గుడ్డ సంచిలో కట్టండి. పూసినన్నాళ్లూ రోజూ పొద్దున వాటిని సంచిలోనే ఒకదానికొకటి మెల్లగా రాయండి.