ఆర్కిటెక్టుల సదస్సుకు ముఖ్య వక్తను ఎలా ఎంచుకోవాలి?

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ సదస్సు అనగానే అందరూ హాలు, భోజనాలు, ఫ్లెక్సీల వెంట పడతారు. అవి ఎవరైనా చూసుకుంటారు. వక్త కోసం మీకు కావలసింది ఒక నోటుబుక్కు, ఫోను, నాలుగు నెలల గడువు.

ముందు విషయం ఒక్క వాక్యంలో రాయండి. 'సుస్థిర నిర్మాణం' అని రాయకండి, దాని కింద ఎవరైనా ఏదైనా మాట్లాడేస్తారు. 'తుపాను గాలికి రేకులు ఎందుకు లేచిపోతున్నాయి' అని రాయండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లం, ఈ ప్రశ్న మనకు అరువు తెచ్చుకోనక్కర్లేదు. తర్వాత ఆరు పేర్లు రాయండి. ఒకరికైనా శ్రీముఖలింగం గుడి రాతిపనో, మన తీరంలోని గుండ్రటి చుట్టిళ్లో తెలిసుండాలి. కమిటీలో చేతులెత్తించే పద్ధతి నాకు గిట్టదు, ప్రతిసారీ పత్రికల్లో ఫొటో పడ్డవారే నెగ్గుతారు.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు: ఫోను. ఆహ్వానం పంపకముందే చేయాలి, పంపాక వద్దనలేరు. తేదీ ఎత్తకండి, పారితోషికం ఎత్తకండి. "మీ పని గురించి తెలుసుకుందామని చేశానండి" అని మొదలెట్టి, కాసేపయ్యాక అడగండి: "మీరు కట్టినవాటిలో ఏ స్లాబు కారిందండీ?"

అడిగి ఊరుకోండి. అవతల నిశ్శబ్దం భరించలేక మీరే మాట అందిస్తే పని చెడినట్టే. తప్పంతా కాంట్రాక్టరు మీదకు తోస్తే పేరు కొట్టేయండి. ఒకావిడ నాతో ఏమన్నారంటే, "స్లాబు మీద నీటి వాటం పైపు వైపు ఇవ్వమన్నాను, పిట్టగోడ వైపు పోయింది. గీతలో నేనే బాణం గుర్తు వేయలేదు. మూడు వానాకాలాలు వెళ్లి చూసొచ్చానండి." ఆ సాయంత్రమే ఆహ్వానం పంపాను.

రెండో ప్రశ్న: "కరెంటు పోతే ఏం చెబుతారు?" నవ్వకండి. ఒక ఏడాది బద్ధకించి ఫోను చేయలేదు. వచ్చిన పెద్దమనిషి నూట నలభై స్లైడ్లు తెచ్చారు. తొంభైల్లో ఉండగా కరెంటు పోయింది. జనరేటరు అందుకునేదాకా ఆయన తెర వంక, మేం ఆయన వంక చూస్తూ కూర్చున్నాం.

గొంతు తియ్యగా ఉందని మోసపోకండి. పాత ప్రసంగం వీడియో అడిగి, చివర ప్రశ్నల భాగం చూడండి. కుర్ర ఆర్కిటెక్టు అడిగినదానికి కసురుకునేవారు మనకొద్దు.

మిగతాది సులువు. ఉత్తరం, టిక్కెట్టు పంపండి. సభ శ్రీకాకుళంలో అయితే, స్టేషను ఊళ్లో కాదు, ఆమదాలవలసలో ఉందని ముందే చెప్పండి. శాలువా బదులు పొందూరు ఖద్దరు ఇవ్వండి. ప్రసంగం పదింటికి, నలభై నిమిషాలు. సన్మానాలన్నీ ఆ తర్వాతే. ముందు పెట్టారో, పదింటి మనిషి పన్నెండున్నరకి, పులిహోర వాసన మధ్య మైకు అందుకుంటారు.