అద్దె ఇంటి లెక్కలు – 4వ పాఠం: కాగితం మీద నష్టం, జేబులో నష్టం

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను: రంగులు వేయించడానికి పెట్టిన 35,000 రూపాయలను ఆదాయపు పన్ను లెక్కలో అద్దె ఆదాయంలోంచి తీసేయొచ్చా? కుదరదు. రంగులు, ప్లంబర్, బ్రోకర్ కమీషన్ అన్నిటికీ కలిపి చట్టం 30 శాతం తగ్గింపు ఇచ్చేసింది. పైసా ఖర్చు పెట్టకపోయినా అంతే, లక్ష పెట్టినా అంతే.

ఈసారి నష్టం లెక్క. కూకట్‌పల్లిలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకుందాం. అద్దె నెలకు 25,000. ఉన్నవాళ్ళు ఖాళీ చేశాక రెండు నెలలు టులెట్ బోర్డు వేలాడింది. కాబట్టి ఏడాదికి చేతికొచ్చిన అద్దె 2,50,000. ఖాళీగా ఉండబట్టే అద్దె తగ్గింది గనుక ఆ తగ్గిన మొత్తాన్నే చూపించొచ్చు. కానీ పాత అగ్రిమెంటు, కొత్త అగ్రిమెంటు రెండూ దాచుకోండి, ఎవరైనా అడిగితే అవే సాక్ష్యం.

ఇందులోంచి ఇంటి పన్ను 10,000 తీసేద్దాం. ఆ పన్ను మీరే, ఆ ఏడాదిలోనే కట్టి ఉండాలి. నోటీసు వచ్చింది కదా అని కట్టకుండా రాసుకుంటే చెల్లదు. మిగిలింది 2,40,000. దానిలో 30 శాతం, అంటే 72,000 పోతే 1,68,000. బ్యాంకు ఇచ్చిన సర్టిఫికెట్ ప్రకారం ఇంటి లోన్ మీద ఆ ఏడాది వడ్డీ 4,20,000. ఈఎంఐ మొత్తం కాదు, వడ్డీ భాగం మాత్రమే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తీసివేస్తే నష్టం 2,52,000.

ఈ నష్టాన్ని ఏం చేయాలి? పన్ను లెక్కకు పాతది, కొత్తది అని రెండు విధానాలున్నాయి, ఒకటి ఎంచుకోవచ్చు. పాత విధానంలో ఉంటే 2,00,000 వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. మిగతా 52,000 వచ్చే 8 ఏళ్ళలో ఇంటి ఆదాయం వస్తే దానికి సర్దుకోవాలి, అప్పుడు జీతం జోలికి పోదు. కొత్త విధానంలో అయితే జీతంలోంచి రూపాయి కూడా తగ్గదు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి మీరేమీ ఎంచుకోకపోతే పడేది కొత్తదే.

అందుకని పాతదానికి పరిగెత్తకండి. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి, పన్ను మీద అదనంగా వేసే సెస్సుతో కలిపి, 2,00,000 మీద మిగిలేది 62,400. కొత్త శ్లాబుల్లో అంతకన్నా ఎక్కువే కలిసిరావచ్చు. రెండు విధాలుగానూ వేసి చూడాలి, వేరే దారి లేదు. జీతం మాత్రమే ఉన్నవారు ఏటా మార్చుకోవచ్చు, కానీ పాతది కావాలంటే గడువులోపు రిటర్ను వేయాలి.

ఇప్పుడు అసలు లెక్క. జేబులోంచి నిజంగా ఎంత పోయింది? వచ్చింది 2,50,000. పోయినవి: వడ్డీ 4,20,000, ఇంటి పన్ను 10,000, రంగులు 35,000, ఖాళీ నెలల మెయింటెనెన్స్ 6,000. తేడా 2,21,000. పాత విధానం వల్ల 62,400 వెనక్కి వచ్చిందనుకున్నా ఇంకా 1,58,600 మనదే. ఈఎంఐలో లోన్ అసలు కింద పోయేది దీనికి అదనం. ‘ట్యాక్స్ సేవింగ్ సార్’ అని ఫ్లాట్ అమ్మజూపేవాళ్ళు ఈ అంకె దాకా రారు. ఇంటి ధర పెరుగుతుందన్న నమ్మకం ఉంటే కొనండి, పన్ను మిగులుతుందని మాత్రం కొనకండి.

భార్యాభర్తలు ఇద్దరూ ఓనర్లయి, లోన్ కూడా ఇద్దరూ కడుతుంటే ఆ రెండు లక్షల పరిమితి ఎవరిది వారికే. భర్త తన డబ్బుతో ఊరికే భార్య పేరు మీద కొంటే మాత్రం అద్దె ఆయన ఆదాయం కిందికే వస్తుంది.

అభ్యాసం: ఇదే ఫ్లాట్‌కు తోడు విజయవాడలో ఇంకో ఇల్లు ఉంది. దాని మీద అన్నీ పోను 90,000 ఆదాయం. కొత్త విధానంలో ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి సర్దుకోవచ్చా? సర్దాక మిగిలేదెంత?

5వ పాఠం: ఓనరు డాలస్‌లో, ఇల్లు హైదరాబాద్‌లో. అద్దెలోంచి పన్ను ఎవరు కోసి కట్టాలి?